నెమ్ముకి మందులు వాడుతున్నప్పుడు జింక్, ఐరన్, కాల్షియం బిళ్లలు ఎప్పుడు, ఎలా వేసుకోవాలి

విశాఖ కంచరపాలెంలో ఒక మందుల షాపు కౌంటర్ వెనక పదిహేనేళ్లుగా ఉంటున్నాను. వానలు పట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి వెళ్లేదాకా మా దగ్గరికి దగ్గు, జ్వరం, నెమ్ము (న్యుమోనియా) చీటీలే ఎక్కువగా వస్తాయి. పైన యాంటీబయాటిక్, దాని కింద వరసగా జింక్, కాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్, గ్యాస్ సిరప్ రాసి ఉంటాయి. రాసి లేకపోతే, అన్నీ కవర్లో పెట్టాక "బాబూ, పన్లో పని ఆ బలం బిళ్లలు కూడా ఇచ్చీండి" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. ఇంట్లో మనిషి నీరసంగా పడుకుని ఉంటే ఎవరికైనా ఏదో ఒకటి చేయాలనే అనిపిస్తుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ని తగ్గించేది డాక్టర్ రాసిన యాంటీబయాటిక్, టీబీ అయితే టీబీ మందులు. మినరల్ బిళ్లలు ఆ పని చేయవు. శరీరంలో లోటు ఉంటే ఆ లోటు పూడుస్తాయి, అంతవరకే. అయితే వేళ చూసుకోకుండా వేసుకుంటే కొన్ని యాంటీబయాటిక్‌లని కడుపులోనే పట్టేసుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి. ఇది చాలామందికి తెలియదు. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండేళ్ల కిందట అమ్మకి నెమ్ము చేసింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, లెవోఫ్లాక్సాసిన్ బిళ్లలు రాసి ఇంటికి పంపారు. వాటితో పాటు ఐరన్, జింక్, గ్యాస్‌కి గులాబీ రంగు సిరప్. కాల్షియం అయితే మోకాళ్ల నొప్పులకని ఎప్పట్నుంచో వాడుతోంది. ఏ మందు ఎప్పుడు వేయాలో చీటీలో ఉదయం, రాత్రి అని టిక్కులు తప్ప ఇంకేమీ లేదు, డిశ్చార్జ్ చేసేటప్పుడు ఎవరూ విడమరిచి చెప్పలేదు. మందులు మా షాపు నుంచే వెళ్లాయి, హడావిడిలో నేనూ చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అమ్మ గోపాలపట్నంలో చెల్లి దగ్గర ఉండేది. నాలుగో రోజు పొద్దున్నే నేను వెళ్లేసరికి చెల్లి ఇడ్లీ పెట్టి, పక్కన చిన్న స్టీలు ప్లేటులో అన్ని బిళ్లలూ పోసి పెట్టింది: తెల్లటి పెద్ద కాల్షియం, ఎర్రటి ఐరన్, జింక్, వాటి మధ్యలో లెవోఫ్లాక్సాసిన్. పక్కనే మూత నిండా గులాబీ సిరప్. మర్చిపోకుండా ఉంటుందని అన్నీ ఒకేసారి మింగించేస్తోందట. అమ్మకి జ్వరం ఇంకా 101 దగ్గరే ఉంది.

డాక్టర్‌కి ఫోన్ చేసి విషయం చెబితే ఐరన్, కాల్షియం కోర్సు అయ్యేదాకా ఆపేయమన్నారు, సిరప్ వేళ మార్చారు. రెండో రోజుకి జ్వరం దిగింది. దానివల్లే దిగిందని ఒట్టు వేసి చెప్పలేను, నెమ్ము జ్వరం దిగడానికి ఒక్కోసారి మూడు నాలుగు రోజులు పడుతుంది. కానీ ఆ ప్లేటు చూసిన దగ్గర్నుంచి యాంటీబయాటిక్ కొనేవాళ్లెవర్నీ "ఇంట్లో ఇంకేం బిళ్లలు వేసుకుంటున్నారు" అని అడక్కుండా పంపట్లేదు. మీరు మీ ఇంట్లో ఏం చేయాలో ఇప్పుడు వరసగా చెబుతాను.

ముందుగా: ఇంట్లో ఉన్నవన్నీ బయటికి తీయండి

ఈసారి రాసిన మందులు ఒక్కటే చాలవు. పాత బీపీ బిళ్లలు, థైరాయిడ్ బిళ్ల, మోకాళ్లకి వాడే కాల్షియం, కోడలు తెచ్చిన మల్టీవిటమిన్, ఫ్రిజ్ మీదున్న గ్యాస్ సిరప్, అన్నీ ఒక దుప్పటి మీద పరవండి. కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, అది మనకి అక్కర్లేదు. దాని కింద సన్నగా రాసి ఉండే మందు పేరు చూడండి. చూపు ఆనకపోతే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. జింక్, ఫెర్రస్ లేదా ఫెర్రిక్ (ఇదే ఐరన్), కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, ఈ ఐదింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ స్ట్రిప్పునో సీసానో ఒక పక్కకి జరపండి. అల్యూమినియం, మెగ్నీషియం ఎక్కువగా గ్యాస్ సిరప్‌లలో ఉంటాయి. కడుపులో పుండుకి ఇచ్చే సుక్రాల్ఫేట్‌లో కూడా అల్యూమినియం ఉంటుంది, పేరు చూస్తే తెలియదు కాబట్టి దాన్నీ ఈ గుట్టలోనే వేయండి. మల్టీవిటమిన్ అని రాసున్న బిళ్లల్లో చాలావాటిలో జింక్ ఉంటుంది, వెనక తిప్పి చదివితే తెలుస్తుంది.

పాంటాప్రజోల్ లాంటి పొద్దున్నే వేసుకునే గ్యాస్ బిళ్ల ఈ గుట్టలోకి రాదు, అది మినరల్ కాదు. మనవాళ్లకి రెండూ గ్యాస్ మందులే కాబట్టి ఇక్కడ చాలామంది తికమకపడతారు.

తర్వాత: మీ యాంటీబయాటిక్ ఏ రకమో చూడండి

అన్ని యాంటీబయాటిక్‌లకీ మినరల్స్‌తో పేచీ లేదు. నెమ్ముకి ఎక్కువగా రాసే అమాక్సిసిలిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్ అయితే జింకూ ఐరనూ దాన్ని ఏమీ చేయవు, క్లావులనేట్ ఉన్నది అన్నం తినడం మొదలుపెట్టేటప్పుడు వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. అజిత్రోమైసిన్‌కి అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ ఒక్కటే దూరం పెట్టాలి, రెండు గంటలు తేడా ఉంటే చాలు. సెఫ్‌పోడాక్సిమ్ అన్నంతో వేసుకోవాలి, దానికీ గ్యాస్ సిరప్ పడదు.

అసలు జాగ్రత్త పడాల్సినవి రెండు గుంపులు. మొదటిది పేరు చివర "ఫ్లాక్సాసిన్" అని వచ్చేవి: లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్. రెండోది డాక్సీసైక్లిన్. ఇవి కడుపులో లోహం అంటే చాలు, పోయి దానికి అతుక్కుపోతాయి. అలా జతకట్టిన మందు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లలేదు, విరేచనంలో బయటికి పోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌ని అల్యూమినియం-మెగ్నీషియం సిరప్‌తో కలిపి ఇచ్చి చూసినప్పుడు రక్తంలోకి చేరే మందు 80 శాతానికి పైగా పడిపోయింది. డబ్బు పెట్టి కొన్న యాంటీబయాటిక్ నోట్లో వేసుకున్నట్టే ఉంటుంది, ఊపిరితిత్తుల దాకా చేరేది కొంచెమే. పైగా సగం సగం డోసు తగిలిన క్రిములు మొండిగా తయారయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఆ మందుల కాగితాల్లో ఉండే దూరాలు ఇవి. లెవోఫ్లాక్సాసిన్ అయితే మినరల్ బిళ్లకి రెండు గంటల ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్ అయితే రెండు గంటల ముందు, లేదా ఆరు గంటల తర్వాత. మాక్సిఫ్లాక్సాసిన్ అన్నిటికంటే పెంకిది, నాలుగు గంటల ముందు, లేదా ఎనిమిది గంటల తర్వాత. డాక్సీసైక్లిన్‌కి, ఐరన్‌కి మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. డాక్సీ గురించి ఇంకో సంగతి, అది వేసుకున్నాక గ్లాసు నిండా నీళ్లు తాగాలి, వెంటనే పడుకోకూడదు, గొంతు కింద ఇరుక్కుంటే పుండు పడుతుంది. మంచం మీదున్న పెద్దవాళ్లకి రెండు గుక్కల నీళ్లతో పడుకోబెట్టే మింగించేస్తుంటారు, అలా చేయకండి.

రోజుని రెండుగా విడగొట్టండి

ఈ అంకెలన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమే, అందుకే షాపులో నేను చెప్పే లెక్క ఇది. యాంటీబయాటిక్ రోజుకి ఒక్కసారే అయితే దాన్ని పొద్దున్న పదింటికి వేయండి, మినరల్ బిళ్లలన్నీ రాత్రి భోజనానికి జరపండి. మాక్సిఫ్లాక్సాసిన్‌కి కూడా ఈ దూరం సరిపోతుంది. యాంటీబయాటిక్ రోజుకి రెండుసార్లు అయితే, ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది పెట్టుకుని మినరల్స్‌ని మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నంతో ఇవ్వండి. సిప్రోకి, డాక్సీకి ఇద్దరికీ ఇది కుదురుతుంది. అంతే, వేరే ఏమీ అక్కర్లేదు.

పొద్దున్నే థైరాయిడ్ బిళ్ల వేసుకునేవాళ్లు దాన్ని ఎప్పటిలాగే పరగడుపున వేసుకోవాలి. దానికీ కాల్షియం, ఐరన్ పడవు, నాలుగు గంటల తేడా కావాలి. రాత్రికి జరిపితే ఆ బెడద కూడా తీరిపోతుంది. కాల్షియం, ఐరన్ రెండూ ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, అందుకని యాంటీబయాటిక్ నడిచే ఐదు, ఏడు రోజులూ కాల్షియం ఆపేయొచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఎముకల కోసం నెలల తరబడి వాడే బిళ్ల వారం ఆగితే పోయేదేమీ ఉండదు, చాలామంది డాక్టర్లు సరే అంటారు.

మా చెల్లి ఇప్పుడు ఏం చేస్తుందో చెప్తాను, మీకూ పనికొస్తుంది. రెండు గిన్నెలు. యాంటీబయాటిక్ గిన్నె దేవుడి గూటి దగ్గర, మినరల్ గిన్నె వంటింట్లో అన్నం గిన్నెల పక్కన. వేసిన ప్రతిసారీ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో చిన్న గీత. తను డ్యూటీకి వెళ్లినా ఇంట్లో ఎవరున్నా ఆ గీతలు చూసి వేసేస్తారు.

పాలు, పెరుగు సంగతి కూడా అడుగుతుంటారు. సిప్రో, డాక్సీ బిళ్లలని పాలతో మింగకండి, పాలల్లో కాల్షియం ఉంటుంది కదా. మజ్జిగన్నం మానేయాల్సిన పని మాత్రం లేదు, ఆ బిళ్లకి రెండు గంటలు అటూ ఇటూ చూసుకుంటే చాలు. పత్యం పేరుతో దగ్గున్న మనిషికి పెరుగు, గుడ్డు, చేప అన్నీ ఆపేసి చారన్నంతో నెట్టుకొచ్చే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి, జ్వరంతో కండ కరిగిపోతున్న మనిషికి అది మంచిది కాదు.

ఏది ఎంత? ఇక్కడ కొంచెం ఆగి చదవండి

జింక్ గురించి నన్ను అడిగినన్ని ప్రశ్నలు ఇంక దేని గురించీ అడగరు. కరోనా రోజుల్లో 50 మిల్లీగ్రాముల జింక్ బిళ్లలు శనగపప్పులా అమ్ముడయ్యాయి. అప్పుడే అమెరికాలో 50 మి.గ్రా. జింక్ గ్లూకోనేట్, ఎక్కువ డోసు విటమిన్ సి ఇచ్చి చూసిన పరిశోధన 2021లో వచ్చింది, లక్షణాలు త్వరగా తగ్గలేదని తేలింది. నెమ్ము చేసిన పిల్లల్లో కూడా చూశారు. బంగ్లాదేశ్‌లోని మత్లాబ్‌లో 2004లో వచ్చిన ఫలితాల్లో రోజుకి 20 మి.గ్రా. జింక్ ఇచ్చిన పిల్లలు కొంచెం ముందే కోలుకున్నారు. మన పక్కనే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో అదే డోసు ఇచ్చి చూస్తే, 2006లో ప్రచురించిన ఫలితాల్లో, తేడా ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు కూడా నెమ్ము వచ్చాక మందులతో పాటు జింక్ ఇస్తే త్వరగా తగ్గుతుందని చెప్పడానికి ఆధారాలు చాలవనే తేల్చారు. అయితే జింక్ తక్కువగా ఉండే పిల్లలకి ముందు నుంచీ క్రమంగా ఇస్తే నెమ్ము రావడం కొంత, దాదాపు 13 శాతం, తగ్గుతుందని కనిపించింది. అంటే అది ముందు జాగ్రత్తగా పనికొచ్చే వస్తువు, జబ్బు ముదిరాక ప్రాణం నిలబెట్టే మందు కాదు.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం మగవాళ్లకి రోజుకి 17, ఆడవాళ్లకి 13 మి.గ్రా. జింక్ కావాలి, తిండితో సహా 40 దాటకూడదు. కాబట్టి 50 మి.గ్రా. బిళ్ల డాక్టర్ కొద్ది రోజులకి రాస్తే ఆ కొద్ది రోజులే. అది బాగుందని నెలల తరబడి వేసుకుంటూ పోతే ఒంట్లో రాగి (కాపర్) తగ్గిపోతుంది, రక్తం తగ్గుతుంది, కాళ్లు తిమ్మిర్లెక్కి నడక తేడా వస్తుంది. ఇంకో మెలిక, బిళ్ల మీద రాసిన అంకె లవణానిదా, అసలు జింక్‌దా చూడండి. 220 మి.గ్రా. జింక్ సల్ఫేట్‌లో అసలు జింక్ 50 మి.గ్రా. ఉంటుంది, అదే 50 మి.గ్రా. జింక్ గ్లూకోనేట్‌లో 7 మాత్రమే. "ఎలిమెంటల్ జింక్" అని రాసి ఉంటే అదే అసలు లెక్క. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పి వాంతి వచ్చినట్టుంటుంది, అన్నం తిన్నాక వేసుకోండి. ముక్కులో వేసుకునే జింక్ జెల్లులు, స్ప్రేలు ఆన్‌లైన్‌లో కనిపిస్తే కొనకండి, వాటివల్ల వాసన శాశ్వతంగా పోయిన కేసులు వచ్చి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2009లోనే హెచ్చరించింది.

ఐరన్ విషయంలో ఆగమనే చెప్తాను. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు శరీరం కావాలనే రక్తంలో ఐరన్‌ని తగ్గించి దాచేస్తుంది, ఎందుకంటే క్రిములకి కూడా పెరగడానికి ఐరన్ కావాలి. అందుకే జ్వరం వారంలో చేయించిన రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ చూపించగానే కంగారుపడి ఐరన్ మొదలుపెట్టకండి. ఆ సమయంలో ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే పరీక్ష) కూడా ఇన్ఫెక్షన్ వల్ల పైకి లేస్తుంది, నిజం చెప్పదు. జబ్బు తగ్గి రెండు మూడు వారాలయ్యాక పరీక్ష చేయించుకుని, లోటు ఉంటే అప్పుడు డాక్టర్ చెప్పినన్ని నెలలు సరిగ్గా వాడండి. గర్భిణులకి మాత్రం ఈ మాట వర్తించదు, మీ ఏఎన్‌ఎమ్ ఇచ్చిన ఐరన్ మీరు సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌ని అడిగి వేళ మాత్రమే మార్చుకోండి.

సెలీనియం, మెగ్నీషియం బిళ్లలు ఎవరైనా రికమెండ్ చేశారని సొంతంగా కొనకండి. సెలీనియం ఎక్కువైతే జుట్టు ఊడుతుంది, గోళ్లు పెళుసెక్కుతాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి మెగ్నీషియం బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. ఉద్దానం వైపు నుంచి విశాఖకి వైద్యానికొచ్చే కుటుంబాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకి తెలిసిందే, అలాంటివాళ్లు గ్యాస్ సిరప్ కూడా అడిగే వాడాలి.

టీబీ మందులు వాడేవాళ్లకి

టీబీ వేరే సంగతి, ఆరు నెలల ప్రయాణం. టీబీ బిళ్లలు పరగడుపున వేసుకోవాలి, గ్యాస్ సిరప్ తప్పనిసరైతే కనీసం రెండు గంటల తర్వాతే తాగండి, అల్యూమినియం ఐసోనియాజిడ్ అనే టీబీ మందుని అడ్డుకుంటుంది. వాటితో పాటు ఇచ్చే చిన్న బి6 బిళ్ల బలానికి అనుకుని మానేస్తుంటారు. అది బలానికి కాదు, ఐసోనియాజిడ్ వల్ల కాళ్లూ చేతులూ తిమ్మిర్లు రాకుండా ఇస్తారు, మానొద్దు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడకండి, అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు.

మామూలు మందులకి లొంగని మొండి టీబీకి ఇచ్చే మందుల్లో లెవోఫ్లాక్సాసిన్ గానీ మాక్సిఫ్లాక్సాసిన్ గానీ ఉంటుంది. అక్కడ పైన చెప్పిన గంటల లెక్క వారానికి కాదు, నెలల తరబడి పాటించాలి. ఆ మందులతో గుండె లయ మారకుండా ఈసీజీ తీస్తారు, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం చూస్తారు. అవి తగ్గితే డాక్టరే బిళ్లలు రాస్తారు, అప్పుడు వాటిని ఎన్ని గంటలకి వేసుకోవాలో అక్కడే అడిగి చీటీ మీద రాయించుకోండి. ఇంకొకటి, టీబీలో కాల్షియం, విటమిన్ డి పెద్ద డోసు సాషేలు అడక్కుండా తాగొద్దు, ఆ జబ్బులో రక్తంలో కాల్షియం తనంతట తానే పెరిగే వీలుంది.

టీబీలో బిళ్లల కన్నా తిండి ఎంత పనిచేస్తుందో మన దేశంలోనే రుజువైంది. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా టీబీ ఉన్నవాళ్ల ఇళ్లకి బియ్యం, పప్పు, విటమిన్-మినరల్ బిళ్లలు నెలనెలా ఇచ్చి చూశారు. ఇంట్లో మిగతావాళ్లకి టీబీ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులు బాగా తగ్గాయి. గమనించండి, అందులో మినరల్ బిళ్ల రోజువారీ అవసరం మేరకే ఉంది, పక్కన పప్పు, బియ్యం ఉన్నాయి. టీబీ ఉన్నవాళ్ల తిండి కోసమే నిక్షయ్ పోషణ యోజన అనే ప్రభుత్వ పథకం కింద చికిత్స నడిచినన్నాళ్లూ నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో ఐదు వందలతో మొదలై, 2024 నవంబర్ నుంచి వెయ్యి అయింది. ఖాతా వివరాలు ఇవ్వకపోతే పడవు, మీ ఆశా కార్యకర్తని గానీ టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666ని గానీ అడగండి. ఆ వెయ్యీ మందుల షాపులో బలం డబ్బాకి పెట్టకండి. షాపు నడిపేవాణ్ణి నేనే చెబుతున్నాను, గుడ్లు కొనండి.

రైతుబజారు లిస్టు

మన విశాఖలో మినరల్స్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. చోళ్లు (రాగులు) వంద గ్రాముల్లో 350 మి.గ్రా. దగ్గర్లో కాల్షియం ఉంటుంది. రాత్రి చోడిపిండి కలిపి పులియబెట్టి పొద్దున్న అంబలి కాస్తే ఐరన్, జింక్ ఒంటికి ఇంకా బాగా పడతాయి, పులవడంలో వాటిని పట్టి ఉంచే పదార్థం విరిగిపోతుంది. పెసలు, శనగలు మొలకెత్తించినా అంతే, జబ్బు మనిషికైతే ఉడికించి పెట్టండి. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే నెత్తళ్లు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం దొరుకుతుంది, పచ్చివి అయితే మంచిది, ఎండువాటిలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు చూసుకోవాలి. రొయ్యలు, పీతలు, మాంసం, గుడ్డు జింక్‌కి మంచివి. శాకాహారులకి నువ్వులు, వేరుశనగలు, గుమ్మడి గింజలు ఉన్నాయి. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండండి, ఐరన్ బాగా ఎక్కుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఎక్కాల్సిన ఐరన్ ఎక్కదు, గంట ఆగండి.

అన్నం సయించని మనిషికి ఒక్కసారి ప్లేటు నిండా పెట్టకండి. రెండు గంటలకోసారి చిన్న గిన్నెతో.

పిల్లలకి

ఐదేళ్లలోపు పిల్లలకి జింక్ సిరప్ సొంతంగా మొదలుపెట్టకండి. విరేచనాలప్పుడు మన దేశంలో జింక్ 14 రోజులు ఇస్తారు, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకి 10, ఆపైన 20 మి.గ్రా. అది విరేచనాల లెక్క. అంతకు ముందు ఇచ్చారని మిగిలిన సీసా దగ్గుకి కూడా పోసేస్తుంటారు, పోసేసి రెండు రోజులు చూద్దాం అని ఆగుతారు. ఆ రెండు రోజులే ప్రమాదం. సీసా పక్కన పెట్టి ఊపిరి లెక్కపెట్టండి. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు, నిద్రలో అయితే మరీ మంచిది, చొక్కా పైకి ఎత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టి నిమిషం అంతా లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, వీటికి సమానంగా ఉన్నా దాటినా నెమ్ము అనుమానించాల్సిందే, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి.

ఎప్పుడు పరుగెత్తాలి, తర్వాత ఏం చేయాలి

పెద్దవాళ్లలో నిమిషానికి 30 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గుతున్నా, మాట తడబడి అయోమయంగా ఉన్నా, దగ్గులో రక్తం పడినా ఇంట్లో ఉంచకండి. 90 కంటే కిందకి పోతే అది ఎమర్జెన్సీ. యాంటీబయాటిక్ మొదలుపెట్టి మూడు రోజులైనా జ్వరం అలాగే ఉంటే మందు మార్చమని షాపుకి రాకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ దుప్పటి మీద పరిచినవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి "ఇవన్నీ ఈ వేళల్లో వేస్తున్నాం" అని చూపించండి.

డాక్టర్ చెప్పిన రోజులు పూర్తయ్యేదాకా యాంటీబయాటిక్ ఆపొద్దు. మిగిలిన బిళ్లలేమైనా ఉంటే పక్కింటివాళ్లకి ఇవ్వొద్దు. ముఖ్యంగా లెవోఫ్లాక్సాసిన్, అది టీబీ క్రిమిని కూడా కొంత అణిచేస్తుంది. దగ్గుకి అడ్డదిడ్డంగా వాడితే నాలుగు రోజులు బాగున్నట్టుంటుంది, ఈలోగా టీబీ ఉన్నా పరీక్షలో పట్టుబడకుండా తప్పించుకుంటుంది.

కోర్సు అయిపోయిన మర్నాటి నుంచి కాల్షియం మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఐరన్ కోసం రక్త పరీక్ష ఏ రోజు చేయించాలో క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టండి. యాభై దాటినవాళ్లు, చుట్ట గానీ బీడీ గానీ సిగరెట్ గానీ తాగేవాళ్లు ఆరు వారాలకి ఇంకో ఎక్స్‌రే తీయించాలా అని అడగండి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా పొద్దున్నే నోరు పుక్కిలించి లోతుగా దగ్గి తీసిన గళ్ల పరీక్షకి ఇవ్వండి. పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో గానీ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో గానీ, మీ వార్డుకి దగ్గర్లో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్ ద్వారా గానీ ఆ పరీక్ష ఉచితం.